కళావాచస్పతి కొంగర జగ్గయ్యగారు

తెలుగునాట కావ్యములను కంటితో చదివినవారికంటె చెవితో విన్నవారే పూర్వమునుండియు ఎక్కువ. రచ్చబండయొద్దనో, రామమందిరపు అరుగుమీదనో అక్షరము వచ్చిన యొక్కరు భారతము విప్పి చదువుచుండగా, అక్షరము రాని నూరుగురు చుట్టును కూర్చుండి వినెడివారు. ఆ నూరుగురకును భీముని కోపమైనను, ధర్మరాజు శాంతమైనను చదువరి గొంతులోనే ఉండెడివి. గొంతు మంచిదైనచో కథ తెల్లవారువరకు నడిచెడిది. గొంతు పలుచనైనచో శ్రోతలు ఒక్కరొక్కరుగా లేచి పోయెడివారు. ఇట్టి జనులలో, ముఖముకంటె ముందుగా కంఠముచేత ప్రసిద్ధికెక్కిన నటుడొకడు పుట్టుట వింత కాదు. ఆ నటుడు కొంగర జగ్గయ్యగారు. కంచుకంఠమని జనము వారి గొంతునకు పేరు పెట్టినది. కళావాచస్పతి యని పెద్దలు బిరుదమిచ్చిరి.

జగ్గయ్యగారి కంఠము వారి సొంత పాత్రలకు ఎంతగా ఉపయోగపడెనో, పరుల మాటకును అంతగా ఉపయోగపడినది. ఒకరు వ్రాసిన వార్తలను వారు దేశమునకు చదివి వినిపించిరి. మరియొకరు నటించిన పాత్రలకు తెర వెనుకనుండి మాట నిచ్చిరి. వేరొక భాషలోని మహాకవికి తెలుగు పలుకు నిచ్చిరి. ఒక నియోజకవర్గపు ప్రజలకు ప్రతినిధియై లోక్‌సభలో కూర్చుండిరి. ఈ పనులను విడివిడిగా చూచినచో నాలుగు దారులలో చెదరిన జీవితమువలె కనబడును. కలిపి చూచినచో అన్నియు ఒక్క పనియే యని తెలియును.

గుంటూరు జిల్లాలో తెనాలికి సమీపమున, పసుపు వర్తకమునకు పేరుగాంచిన దుగ్గిరాల దాపున, మోరంపూడి యను గ్రామము కలదు. కృష్ణ కాలువల నీటితో పండు పచ్చని భూముల నడుమ నున్న ఆ పల్లెయందు, 1920వ దశకపు ఉత్తరార్ధమున, సంవత్సరమునకు కడపటి దినమైన డిసెంబరు 31న జగ్గయ్యగారు జన్మించిరి. కలిగిన రైతు కుటుంబము. కూటికి లోటు లేదు. చదువునకును, కళకును కావలసిన తీరిక ఉండెను.

ఆ కాలమున తెనాలి సామాన్యమైన పట్టణము కాదు. రామవిలాస సభవారి నాటకములకు అది నెలవు. స్త్రీపాత్రలను ధరించుటలో సాటిలేరనిపించుకొన్న స్థానం నరసింహారావుగారు ఆ సభ రంగస్థలముమీదనే వెలుగొందిరి. కవిరాజు త్రిపురనేని రామస్వామిచౌదరిగారు ఆ పట్టణమున నివసించి, పురాణములను హేతువుతో ప్రశ్నించు కావ్యములను వ్రాసిరి. చక్రపాణిగారు వంగభాష నేర్చి శరత్‌బాబు నవలలను తెలుగు చేసిరి. ఆ అనువాదములను చదివినవారిలో అనేకులు శరత్తు తెలుగువాడే యని భ్రమించిరి. పరభాషలోని మాట తెలుగు ఇంటికి వచ్చి, చుట్టమువలె కాక ఇంటివానివలె కూర్చుండుట యెట్లో తెనాలి ప్రాంతమువారు అనుదినమును చూచుచుండిరి. అట్టి గాలి పీల్చి పెరిగిన బాలుడు జగ్గయ్యగారు.

వారి తొలి వేషము సంగతియు ఇందుకు తగినట్లే ఉన్నది. జాతీయోద్యమముతోపాటు హిందీ ప్రచారము ఊరూర సాగుచున్న దినములవి. పదునొకండేండ్ల ప్రాయమున జగ్గయ్యగారు రంగస్థలమెక్కి లవుని వేషము కట్టిరి. నాటకము పేరు సీత. వ్రాసినవారు వంగదేశీయులైన ద్విజేంద్రలాల్ రాయ్‌గారు. ఆడినది హిందీలో. ఆడిన బాలుడు తెలుగువాడు. కథ వాల్మీకిది. పుట్టిన భాష యొకటి, పలికిన భాష మరియొకటి, పలికిన నోరు వేరొకటి. ఇట్లు మూడు భాషల కూడలిలో నిలిచి ఆ బాలుడు మొదటిసారి ప్రేక్షకుల యెదుట గొంతెత్తెను. తుదివరకు ఆ కూడలిని వారు విడువలేదు.

ఉన్నత విద్యకై వారు గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలకు వెళ్లిరి. నందమూరి తారక రామారావుగారు కూడ ఆ కళాశాల విద్యార్థియే. అచటి నాటకముల వేడి అనేకులను తదుపరి కాలమున మదరాసు చిత్రశాలలకు చేర్చినది. జగ్గయ్యగారు విద్యార్థి దశయందే సోషలిస్టు భావములకు ఆకర్షితులై రాజకీయములయందు ఆసక్తి చూపిరి. కొంతకాలము ఉపాధ్యాయులుగాను, కొంతకాలము పత్రికారంగమునందును పనిచేసిరి. ఒకచోట నిలువక పోవుచున్నాడని చూచువారికి తోచియుండవచ్చును. కాని పాఠము చెప్పుటయు, పత్రిక నడపుటయు, నాటకమాడుటయు మాటతోనే జరుగు పనులు. పనిముట్టు ఒక్కటే. చేనులు మాత్రము వేరు.

అటుపిమ్మట వారు ఢిల్లీ చేరి ఆకాశవాణి తెలుగు విభాగమున మూడు సంవత్సరముల పాటు వార్తలు చదివిరి. దేశమునకు స్వాతంత్ర్యము వచ్చిన తొలి యేండ్లలో వార్తకు ఉన్న విలువ నేటివారికి తెలియుట కష్టము. పల్లెకు పత్రిక ఒక దినము ఆలస్యముగా వచ్చెడిది. కొన్ని ఊళ్లకు అసలే వచ్చెడిది కాదు. ఊరిలో ఒకటో రెండో రేడియోలు ఉన్నచో, వార్తల వేళకు వాని చుట్టును జనము మూగెడివారు. వార్త ఆంగ్లమున తయారై వచ్చెడిది. దానిని తెలుగు చేసి, నిర్ణయించిన నిమిషములలో, తడబాటు లేక చదువవలెను. కరవు వార్తనైనను, గెలుపు వార్తనైనను చదువరి తన సుఖదుఃఖములను అందులో కలుపరాదు. అట్లని రాతివలె చదివినను వినువారికి ఎక్కదు. తనదికాని మాటను తనదానివలె చదువుట, కాని తనదిగా చేసికొనకుండుట, ఆ పనిలోని నియమము. జగ్గయ్యగారి కంఠమునకు ఇది గట్టి సాముగరిడి యైనది. పదమును మ్రింగక, అంత్యాక్షరమును వదలక, ఒత్తును ఒత్తుగా పలుకు వారి యలవాటు తరువాతి కాలమున ప్రతి చిత్రమునందును వినవచ్చినది.

1952వ సంవత్సరమున త్రిపురనేని గోపీచందుగారి దర్శకత్వమున ప్రియురాలు అను చిత్రముతో జగ్గయ్యగారు వెండితెరకు వచ్చిరి. గోపీచందుగారు తెనాలి కవిరాజుగారి కుమారులు, గొప్ప నవలాకారులు. కాని చిత్రము జనమును ఆకట్టుకొనలేదు. కొత్త నటునకు తొలి చిత్రము తప్పిపోయినచో రెండవ అవకాశము వచ్చుట కష్టము. ఆ కష్టము వారికి తప్పలేదు. 1955లో విడుదలయిన బి.ఎన్. రెడ్డిగారి బంగారు పాపయే వారిని నిలబెట్టినది. ఆంగ్ల నవలాకర్త్రి జార్జి ఇలియట్ వ్రాసిన సైలస్ మార్నర్ కథకు అది తెలుగు రూపము. ఎస్.వి. రంగారావుగారి కోటయ్య పాత్ర ఆ చిత్రమునకు ప్రాణము. అట్టి మహానటుని యెదుట నిలిచి, తండ్రి భయమునకు లొంగి తన బిడ్డను తనదని చెప్పుకొనలేని యువకుని పాత్రను జగ్గయ్యగారు మెప్పించిరి.

అదే యేడు వచ్చిన పి. పుల్లయ్యగారి అర్ధాంగిలో వారు దుష్టపాత్ర ధరించిరి. కె.వి. రెడ్డిగారి దొంగరాముడులో సౌమ్యుడైన వైద్యుడైరి. ఒక్క సంవత్సరమున ఒక్క గొంతు ఇంత దూరముగా ఇరువైపులకు సాగగలదని ప్రేక్షకులు గ్రహించిరి. తరువాత కె.బి. తిలక్‌గారి ముద్దుబిడ్డ 1956లోను, ఎం.ఎల్.ఏ. 1957లోను వచ్చెను. ఎం.ఎల్.ఏ.లో వారు సావిత్రిగారి సరసన కథానాయకులు. 1959లో అప్పుచేసి పప్పుకూడు, 1961లో వెలుగునీడలు, 1964లో ఆత్మబలము, గుడిగంటలు, డాక్టర్ చక్రవర్తి మొదలగునవి వారి పేరును ఇంటింటికి చేర్చినవి.

అయినను ఒక సత్యమును దాచరాదు. ఆ రెండు దశాబ్దములు తెలుగు తెర నందమూరి, అక్కినేని యను ఇరువురు మహానాయకులది. అందరును ఆ యిరువురి నీడలోనే నిలువవలసియుండెను. జగ్గయ్యగారు కథానాయకులుగా కొన్ని చిత్రములు చేసినను, ఎక్కువగా నాయకుని మిత్రుడో, అన్నయో, ప్రత్యర్థియో అయిరి. అందమును, విద్యయు, కంఠమును కలిగియుండి రెండవ పీటమీద కూర్చుండవలసివచ్చిన నటునకు మనసు చేదెక్కుట సహజము. ఆ చేదు వారి నటనయందు ఎక్కడను కానరాదు. డాక్టర్ చక్రవర్తిలో స్నేహితునికిని, భార్యకును నడుమ అనుమానముతో నలిగిపోవు భర్తగా వారు నటించిన తీరు చూచినచో, రెండవ పాత్రయే కథకు ఇరుసువలె ఉండగలదని తెలియును. 1964వ సంవత్సరమున ప్రారంభమైన నంది బహుమానములలో తొలి బంగారు నంది పొందినది ఆ చిత్రమే.

ఇక వారి జీవితమున కీర్తిపద్దులో తక్కువగా జమపడిన పనిని గూర్చి చెప్పవలెను. అది డబ్బింగు, అనగా ఒక భాషలో తీసిన చిత్రమునకు మరియొక భాషలో మాటలు చేర్చుట. తెలుగున ఇట్లు వచ్చిన మొదటి చిత్రము 1950నాటి ఆహుతి. హిందీలో నీరా ఔర్ నందా అను పేర వచ్చినదానిని తెలుగు చేసిరి. మాటలును, పాటలును మహాకవి శ్రీశ్రీగారు వ్రాసిరి. మహాకవి యంతవాడు చేయిపెట్టిన పనియైనను, డబ్బింగు చిత్రమన్నచో లోకమునకు చులకన. అరువు సరుకని మాట.

ఆ పనిలోని కష్టము తెలిసినవారు అట్లనరు. చిత్రమును చిన్నచిన్న తునుకలుగా చేసి, ఒక్కొక్క తునుకకు మొదలును తుదిని కలిపి చుట్టగా అతికెడివారు. చీకటి గదిలో ఆ తునుక తెరమీద మరల మరల తిరుగుచుండును. గళమిచ్చు నటుడు తెరమీది పెదవులను చూచుచు, అవి కదలినంతసేపే, కదలినట్లే పలుకవలెను. పకారము మొదలు మకారమువరకు గల ఓష్ఠ్యాక్షరములు పెదవులు కలిసినగాని పుట్టవు. తెరమీది నటుని పెదవులు కలిసినచోట తెలుగు మాటలోను ఓష్ఠ్యము ఉండవలెను. కలియనిచోట ఉండరాదు. పూర్వకవులు పాండిత్యమునకై ఓష్ఠ్యములు లేకుండ నిరోష్ఠ్య కావ్యములు వ్రాసిరి. డబ్బింగు రచయితకు అడుగడుగున నిరోష్ఠ్యమును, ఆ వెంటనే సోష్ఠ్యమును తప్పవు. పైగా అరవమునందు అనేక క్రియాపదములు నకారపు పొల్లుతో ముగియును. తెలుగు అజంత భాష. వచ్చినాడు, పోయినాడు అని తుద ఉకారము పలుకునపుడు పెదవులు గుండ్రమగును. తెరమీది నటుడు నోరు విప్పి ఆపినచోట తెలుగు నటుడు పెదవి గుండ్రపరచి ముగింపవలసివచ్చును. ఆ యెగుడుదిగుడు ప్రేక్షకునకు తెలియకుండ దాటించుట రచయిత పని సగము, గళమిచ్చువాని పని సగము.

తమిళ చిత్రసీమకు శివాజీ గణేశన్‌గారు 1952లో పరాశక్తితో ప్రవేశించిరి. జగ్గయ్యగారు తెలుగు తెరకు వచ్చినదియు ఆ యేడే. శివాజీగారి నటనకు కంఠము వెన్నెముక వంటిది. ఊపిరి తిప్పుకొనక పుటలకొలది సంభాషణమును పలుకుట, మెల్లగా ఆరంభించి ఉరుముగా ముగించుట, ఏడుపు నడుమ నవ్వుట వారికి వెన్నతో పెట్టిన విద్యలు. 1959నాటి వీరపాండ్య కట్టబొమ్మన్‌లోని వారి నటనకు 1960లో కైరో నగరమున జరిగిన ఆఫ్రో ఆసియా చిత్రోత్సవమున ఉత్తమ నటుని బహుమానము లభించినది. అట్టి నటుని చిత్రములు తెలుగునకు వచ్చినపుడు గొంతు ఎవరిది కావలెను? బలహీనమైన గొంతు నిచ్చినచో సింహము నోట మేక యరచినట్లుండును. ఆ బాధ్యత అనేక చిత్రములందు జగ్గయ్యగారిమీద పడినది.

ఇందులో మరియొక చిక్కు కలదు. ఊరు పేరు లేని గళమైనచో ప్రేక్షకుడు గుర్తింపడు. జగ్గయ్యగారి గొంతు తెలుగువారందరెరిగినది. తెరమీద శివాజీ కనబడుచుండగా చెవిలో జగ్గయ్య వినబడినచో, పాత్ర రెండుగా చీలి అపహాస్యమగు భయము ఉండెను. అట్లు కాకపోవుటయే వారి సాధన. తన నటనలోని విరుపులను ప్రక్కకు పెట్టి, శివాజీగారి ఊపిరిని పట్టుకొని వారు పలికిరి. ఎదుటివాని రొమ్ము ఎప్పుడు పొంగినదో, దవడ ఎప్పుడు బిగిసినదో చూచి అప్పుడే స్వరమును ఎత్తిరి, దించిరి. తెలుగు ప్రేక్షకులు ఆ గొంతును శివాజీగారి సొంత గొంతుగానే స్వీకరించిరి. తమిళమున ఆయన యెట్లు మాటాడునో వినని పల్లెవారికి శివాజీ గొంతన్నచో జగ్గయ్యగారి గొంతే. చీకటి గదిలో నిలిచి పలికినవానికి తెరమీద ముఖము లేదు. పెక్కు చిత్రములందు పేర్ల పట్టికలో గళదాతల పేర్లును ఉండెడివి కావు. పేరున్న నటుడు పేరు లేని పనిని పేరున్న పనియంత శ్రద్ధగా చేయుట లోకమున అరుదు.

తెలుగునేలనుండి పరభాషా చిత్రములకు తరలి ఖ్యాతి గాంచినవారు లేకపోలేదు. 1909లో కరీంనగరు ప్రాంతమున పుట్టి హైదరాబాదు నిజాం కళాశాలలో చదివిన పైడి జైరాజుగారు, మూకీ చిత్రముల కాలముననే బొంబాయి చేరి హిందీ తెరపై వెలిగి, 1980వ సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారము నందిరి. హైదరాబాదు పాతనగరమునకు చేరువనున్న గోలకొండలో 1922లో జన్మించిన హమీద్ అలీఖాన్‌గారు అజిత్ అను పేరుతో హిందీ చిత్రములందు ప్రతినాయకులై, తాపీగా పలుకు బరువైన గొంతుచేతనే దేశమంతట ప్రసిద్ధులైరి. చార్మినారు వీధులలో ఉర్దూ, తెలుగు, మరాఠీ, కన్నడము నాలుగును వినవచ్చెడివి. ఒక బేరములోనే దుకాణదారుడు రెండు భాషలు మార్చెడివాడు. అట్టి పురమున పెరిగినవారు పరభాషను జయించుటలో ఆశ్చర్యము లేదు. ఆ యిరువురును ఇచటి కంఠమును బయటకు కొనిపోయిరి. జగ్గయ్యగారు బయటి మాటను ఇచటికి కొనివచ్చిరి. దేశమునకు రెండును కావలసిన పనులే. కాని కొనిపోయినవానికి పేరు తోడుగా పోవును. కొనివచ్చినవాని పేరు తరచుగా వాకిటనే నిలిచిపోవును.

జగ్గయ్యగారు నటనతో తృప్తి చెందలేదు. 1962లో స్వాతంత్ర్యోద్యమము ఇతివృత్తముగా పదండి ముందుకు అను చిత్రమును తామే నిర్మించిరి. దర్శకులు వి. మధుసూదనరావుగారు. లాభము చూచుకొని తీసిన చిత్రము కాదని కథావస్తువే చెప్పుచున్నది. 1967లో జరిగిన సార్వత్రిక ఎన్నికలలో వారు కాంగ్రెసు పక్షమున ఒంగోలు నియోజకవర్గమునుండి లోక్‌సభకు ఎన్నికైరి. చలనచిత్ర నటులలో లోక్‌సభకు ఎన్నికైన తొలివారిగా వారిని చెప్పుదురు. నటులు రాజకీయములకు వచ్చుట నేడు మామూలు. నాడు అది కొత్త. వేషము కట్టువాడు శాసనము చేయునా యని నవ్వినవారును ఉండిరి. ఆ నాలుగవ లోక్‌సభ 1970 డిసెంబరులో రద్దగు వరకు వారు సభ్యులు. ఢిల్లీలో తెలుగు వార్తలు చదివి వచ్చిన యువకుడు, పదునైదేండ్లు దాటిన పిమ్మట, తెలుగువారి ప్రతినిధియై అదే నగరమునకు మరల వెళ్లెను. నాడు ఢిల్లీ మాటను పల్లెకు చేర్చుట పని. ఇపుడు పల్లె మాటను ఢిల్లీకి చేర్చుట పని.

సభ్యత్వము ముగిసిన పిమ్మట వారు నటనయందే నిలిచిరి. 1974లో కృష్ణగారు తీసిన అల్లూరి సీతారామరాజులో జగ్గయ్యగారిది రూథర్‌ఫర్డ్ పాత్ర. మన్యవీరుని అణచుటకు తెల్లదొరతనమువారు పంపిన అధికారి అతడు. అట్టివానిని కూతలు కూయు రాక్షసునిగా చూపినచో హాలు ఈలలతో మారుమ్రోగెడిది. జగ్గయ్యగారు అట్లు చేయలేదు. తన ప్రభుత్వమునకు విధేయుడై, శత్రువు ధైర్యమును గుర్తింపగల దొరగా, నింపాదిగా, బరువుగా పలికిరి. ప్రతినాయకునకు గౌరవము దక్కినపుడే నాయకుని త్యాగమునకు బరువు. తిక్కనగారు సుయోధనునకు అభిమానధనమును విడువకుండుటచేతనే భారతయుద్ధము యుద్ధముగా నిలిచినది. ఆ మర్మము జగ్గయ్యగారికి తెలియును. 1982లో దాసరి నారాయణరావుగారి మేఘసందేశమునందును వారి పరిణత నటన చూడదగినది.

చిత్రశాలల వెలుగులు ఆరిన పిమ్మట జగ్గయ్యగారు చేసిన పని వేరొకటి కలదు. గ్రంథాలయమునకు వచ్చువారు మరువరానిది అదియే. రవీంద్రనాథ ఠాకూరుగారి గీతాంజలి వంగభాషలో 1910లో వెలువడెను. 1912లో కవియే దానిని ఆంగ్లమున వెలువరించగా, మరుసటి యేడు నోబెలు బహుమానము వచ్చినది. దానిని తెలుగు చేసినవారు పలువురు. చలంగారు వచనముగా ఇచ్చిరి. జగ్గయ్యగారు రవీంద్రగీత యను పేరుతో తెలుగు చేసిరి. ఠాకూరుగారి నాటకమునొకదానిని బలిదానము అను పేర తెనిగించిరి. దేవికి జంతుబలి ఇచ్చుట ధర్మమా యను ప్రశ్న ఆ నాటకమునకు ఆయువుపట్టు. జనమునకు నచ్చెడి సులభమైన వినోదము కాదది.

చీకటి గదిలో శివాజీగారి పెదవులను చూచుచు తెలుగు పలికిన పనికిని, ఏకాంతమున ఠాకూరుగారి పుటను చూచుచు తెలుగు వ్రాసిన పనికిని భేదమెంత? రెండింట మూలము వేరొకరిది. ఊపిరి మూలముది. పలుకు మాత్రము మనది. కొలత తప్పరాదు, భావము చెడరాదు, తెలుగుదనము పోరాదు. డబ్బింగును అరువు సరుకన్నవారు ఒక్క సంగతి మరచిరి. ఆదికవి నన్నయగారు చేసినది వ్యాసుని మాటకు తెలుగు గొంతు నిచ్చుటయే. తిక్కన, ఎర్రనలు చేసినదియు అదియే. ముగ్గురిని కవిత్రయమని నెత్తిన పెట్టుకొన్న జాతి, పరుల మాటను తెలుగు చేయుట తక్కువ పని యని యెట్లనగలదు? జగ్గయ్యగారిని కవిత్రయముతో పోల్చుట ఇచట ఉద్దేశము కాదు. దారి మాత్రము ఆ దారియే. పెద్ద బండి పోయిన జాడలోనే చిన్న బండియు పోవును.

మిత్రుని మాటకును వారు ఋణపడియుండిరి. ఆచార్య ఆత్రేయగారు నాటకకర్తగా, చలనచిత్ర కవిగా తెలుగువారి మనసులేలి 1989లో స్వర్గస్థులైరి. పాటలు రికార్డులలో నిలిచినను, వ్రాతలు పలుచోట్ల చెల్లాచెదరై ఉండెను. చిత్రములకు వ్రాసిన మాటకు ఆయువు తక్కువ. చిత్రము పాతబడినచో కాగితము చెదలపాలగును. జగ్గయ్యగారు పూనుకొని, మనస్విని పేర ఆత్రేయ సాహిత్యమును ఏడు సంపుటములుగా వెలువరించిరి. అందులో తన పేరు పెద్దది చేసికొనునది ఏమియు లేదు. చనిపోయిన మిత్రునకు గొంతు లేదు కనుక తన చేతనైన గొంతు నిచ్చిరి.

1992లో భారత ప్రభుత్వము వారిని పద్మభూషణ పురస్కారముతో గౌరవించినది. 2001 జూలై 21న శివాజీ గణేశన్‌గారు కన్నుమూసిరి. 2004 మార్చి 5న చెన్నపట్టణమున జగ్గయ్యగారును పరమపదించిరి. తెలుగు ప్రేక్షకులకు ఒకరి ముఖమును, మరియొకరి కంఠమును కలిసి ఒక్క నటుడైనందున, మూడేండ్లలో ఆ నటుని రెండు సగములును గతించినవి.

వారు వెళ్లిన పిమ్మట రెండు దశాబ్దములు గడచినవి. వారు నటించిన మంచి చిత్రములను నేటికిని చూచువారు కలరు. గళమిచ్చిన పాత చిత్రములు అంతగా కానరావు. డబ్బింగు ప్రతిని మూలచిత్రమంత శ్రద్ధగా దాచువారు తక్కువ. అనువాద గ్రంథముల గతియు అట్టిదే. బీరువాలో మూలకవుల వరుస నిండుగ ఉండును. అనువాదకుని పేరు అట్టమీద చిన్న అక్షరములలో ఉండును. పాఠకుడు కవి పేరు చదివి పుస్తకము తీసికొనును. తనకు ఆ కవిని తెలుగున వినిపించినవాని పేరు చదువడు.

ఇరువదియైదేండ్లుగా ఊరికి పుస్తకమునందించు గ్రంథాలయమున ఆ పేరును చదువు అలవాటు కలిగినచో జగ్గయ్యగారి వంటివారి ఋణము కొంత తీరును. మరియొక పనియు కలదు. కన్ను మసకలైన పెద్దలును, అక్షరము రాని శ్రమజీవులును ఊరిలో ఇంకను ఉన్నారు. సాయంకాలము గ్రంథాలయపు అరుగుమీద చదువు వచ్చిన పడుచువారు వంతులవారీగా కూర్చుండి, పదమును మ్రింగక, అంత్యాక్షరమును వదలక వారికొక పుట చదివి వినిపించుట వ్యయములేని పని. దానికి కంచుకంఠము అక్కరలేదు. ఎదుటివాని మాటను తన మాటవలె శ్రద్ధగా పలుకు గుణముండిన చాలును. మోరంపూడి బాలుడు లవుని వేషమున మొదలిడినది ఆ గుణముతోనే.